పడవ ఇంజన్ బలం.. పొగగొట్టంలోనే!

* అలల లెక్క కుదిరితేనే పూర్తి శక్తి
* కిక్కిరిసిన పడవలో రెండు విధాలా నష్టం
* మసి పేరుకుంటే వరద వేళ ముప్పు

మహబూబ్‌నగర్: ఎగువ నుంచి వరద వస్తోందని తెలియగానే కృష్ణా, తుంగభద్ర తీర గ్రామాల చూపు పడవల వైపు మళ్లుతుంది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాకు నది కొత్త కాదు. కృష్ణమ్మ తెలంగాణలో అడుగుపెట్టేది ఇక్కడే. ప్రస్తుత నారాయణపేట జిల్లా కృష్ణా మండలం తంగిడి వద్ద భీమా నదిని కలుపుకొని, జూరాల దాటి, సోమశిల మీదుగా శ్రీశైలం జలాశయంలోకి సాగిపోతుంది. పంచదేవ్‌పహాడ్ నుంచి కురువపురం వెళ్లే భక్తులకు పుట్టి ప్రయాణం తరతరాలుగా పరిచయమే. అయితే పుట్టికి తెడ్డు బలం సరిపోతుంది గానీ, ఉద్ధృతంగా పారే వరదకు ఎదురీదాలంటే ఇంజన్ తప్పదు.

2009 అక్టోబరు మొదటి వారాన్ని నదీతీరం ఇప్పటికీ మరువలేదు. అప్పట్లో శ్రీశైలం జలాశయానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల ప్రవాహం పోటెత్తింది. అలంపూర్ పట్టణం, తుంగభద్ర ఒడ్డున చేనేత మగ్గాలకు పేరుపొందిన రాజోలి గ్రామం నీట మునిగాయి. అటువంటి వేళ పడవకు తగిలించిన ఇంజన్ తన పూర్తి బలం ఇస్తుందా, సగంలోనే చతికిలబడుతుందా అన్నది ప్రాణాలకు సంబంధించిన ప్రశ్న. ఆ బలంలో గణనీయమైన భాగాన్ని నిర్ణయించేది పిస్టనో, కార్బురేటరో మాత్రమే కాదు. పొగ బయటకు పోయే గొట్టం సైతం అందులో భాగస్వామి. వినడానికి వింతగా ఉన్నా, టూస్ట్రోక్ ఇంజన్ విషయంలో ఇది అక్షర సత్యం.

పడవ వెనుక బల్లకు బిగించి, చేతితో తిప్పుతూ దారి మళ్లించే ఇంజన్లను అవుట్‌బోర్డు ఇంజన్లు అంటారు. విపత్తు సహాయక బృందాల గాలి పడవలకు సాధారణంగా బిగించేవి ఇవే. తక్కువ బరువు, ఎక్కువ శక్తి, సులభమైన మరమ్మతు కారణంగా వీటిలో టూస్ట్రోక్ రకానికి దశాబ్దాలుగా ఆదరణ దక్కింది. ఇటువంటి ఇంజన్‌ను వాణిజ్యపరంగా విజయవంతం చేసిన ఘనత అమెరికాలో స్థిరపడిన ఓలే ఎవిన్‌రూడ్‌కు దక్కుతుంది. 1909లో మిల్వాకీ నగరంలో ఆయన వీటి తయారీ చేపట్టారు.

ఒక్క చుట్టులోనే అన్ని పనులు

కారు ఇంజన్‌లో పిస్టన్ నాలుగుసార్లు కదిలితే ఒకసారి శక్తి పుడుతుంది. గాలిని పీల్చడం, నొక్కడం, మండించడం, పొగను వదలడం అనే నాలుగు పనులకు నాలుగు విడి కదలికలు ఉంటాయి. టూస్ట్రోక్ ఇంజన్‌లో పిస్టన్ ఒకసారి కిందికి, ఒకసారి పైకి కదిలేసరికే ఈ పనులన్నీ ముగుస్తాయి. అంటే ఇరుసు తిరిగే ప్రతి చుట్టులోనూ ఒక పేలుడు జరుగుతుంది. చిన్న ఇంజన్ పెద్ద బలం చూపడానికి మూలం ఇదే.

ఈ ఇంజన్ సిలిండర్‌లో విడిగా తెరుచుకునే వాల్వులు ఉండవు. గోడలకే ద్వారాలు ఉంటాయి. పిస్టన్ కిందికి దిగుతూ మొదట పొగ ద్వారాన్ని తెరుస్తుంది. మండిన వాయువు ఒత్తిడితో బయటకు దూకుతుంది. పిస్టన్ మరికొంత దిగగానే రెండో ద్వారం తెరుచుకొని, కింది గదిలో సిద్ధంగా ఉన్న గాలి, పెట్రోలు మిశ్రమం సిలిండర్‌లోకి వస్తుంది. కొత్త మిశ్రమం లోపలికి రావడం, పాత పొగ బయటకు పోవడం ఒకే సమయంలో జరుగుతాయి. ఇల్లు ఖాళీ చేసే వారు, కొత్తగా చేరే వారు ఒకే వేళ గుమ్మం వద్ద ఎదురుపడినట్లు ఉంటుంది వ్యవహారం.

ఇక్కడే చిక్కు వస్తుంది. పిస్టన్ తిరిగి పైకి వచ్చేటప్పుడు మొదట మూసుకునేది ఇంధన ద్వారం. పొగ ద్వారం ఆ తర్వాత గానీ మూసుకోదు. ఈ నడిమి వ్యవధిలో సిలిండర్‌లోకి వచ్చిన పచ్చి మిశ్రమంలో కొంత భాగం, మండకుండానే పొగ వెంట బయటకు జారిపోతుంది. కార్బురేటర్‌తో పనిచేసే పాతతరం ఇంజన్లలో పోసిన ఇంధనంలో పావు వంతు వరకు ఇలా వృథా కావచ్చు. యజమాని డబ్బు, ఇంజన్ బలం రెండూ ఆ ద్వారం గుండా పోతున్నట్లే లెక్క.

గొట్టంలో తిరిగొచ్చే అల

పారిపోతున్న ఆ మిశ్రమాన్ని వెనక్కి నెట్టడానికి తలుపు పెట్టలేరు. సెకనుకు 90 సార్లకు పైగా తెరుచుకొని మూసుకునే ద్వారానికి మరో తలుపు నిలవదు. అందుకే ఇంజనీర్లు పొగ పుట్టించే పీడన అలనే తలుపుగా వాడుకున్నారు.

పొగ ద్వారం తెరుచుకున్న క్షణంలో వాయువు గొట్టంలోకి ఒక్కసారిగా దూకుతుంది. దాంతో ఒక పీడన అల పుట్టి, ఆ వాయువులో ధ్వని ప్రయాణించే వేగంతో ముందుకు సాగుతుంది. గొట్టం ఆకారం మారిన చోటల్లా ఆ అలలో కొంత భాగం వెనక్కి తిరుగుతుంది. తిరిగి వచ్చేది నెట్టే అలా, లాగే అలా అన్నది గొట్టం ఆకారంపై ఆధారపడి ఉంటుంది.

గద్వాల జంక్షన్‌లో బారులు తీరిన గూడ్సు బోగీలను ఊహించుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒక చివర రైలింజన్ ఢీకొంటే ఆ నెట్టుడు ఒక్కో బోగీని దాటుకుంటూ అవతలి చివరకు చేరుతుంది. అక్కడ కదలని దిమ్మె అడ్డుగా ఉంటే, అదే నెట్టుడు వెనక్కి వస్తుంది. దిమ్మె లేకపోతే చివరి బోగీ ముందుకు ఉరుకుతుంది. అప్పుడు కొక్కెం బిగుసుకొని వెనుక బోగీని లాగుతుంది. ఆ లాగుడు ఒక్కో బోగీ మీదుగా తిరిగి వస్తుంది. గొట్టంలోనూ ఇదే సూత్రం. గొట్టం క్రమంగా వెడల్పయ్యే చోట నుంచి లాగే అల తిరిగి వస్తుంది. ఇరుకయ్యే చోట నుంచి నెట్టే అల తిరిగి వస్తుంది.

ఈ రెండింటినీ వరుసగా అమర్చితే పని పూర్తవుతుంది. గొట్టం మొదట సన్నగా మొదలై, క్రమంగా బూరలా విచ్చుకొని, చివర మళ్లీ ముడుచుకుంటుంది. విచ్చుకున్న భాగం నుంచి వచ్చే లాగే అల, సిలిండర్‌లో మిగిలిన పొగను బయటకు గుంజి, కొత్త మిశ్రమానికి చోటు కల్పిస్తుంది. ఆ ఊపులో కొంత మిశ్రమం గొట్టంలోకీ వస్తుంది. సరిగ్గా ఇంధన ద్వారం మూసుకున్న వెంటనే, ముడుచుకున్న భాగం నుంచి నెట్టే అల వచ్చి, బయటపడ్డ మిశ్రమాన్ని తిరిగి సిలిండర్‌లోకి తోస్తుంది. మరుక్షణం పొగ ద్వారం మూసుకుంటుంది. ఫలితంగా మామూలుగా పట్టే దానికన్నా ఎక్కువ మిశ్రమం లోపల బందీ అవుతుంది.

వనపర్తి జిల్లాలోని సరళాసాగర్ ప్రాజెక్టు గురించి తెలిసిన వారికి ఈ ఆలోచన పూర్తిగా కొత్తగా తోచదు. 1959లో పూర్తయిన ఆ ప్రాజెక్టులో నీటిమట్టం నిండగానే సైఫన్లు మనిషి ప్రమేయం లేకుండా వాటంతట అవే నీటిని లాగి వదులుతాయి. అక్కడ నీటి బరువు పని చేస్తుంది, ఇక్కడ వాయువులోని అల పని చేస్తుంది. సూత్రాలు వేరైనా, కదిలే భాగాలు లేకుండా ఆకారంతోనే పని సాధించడం రెండింటిలోనూ కనిపిస్తుంది.

తూర్పు జర్మనీ నుంచి జపాన్‌కు

పొగగొట్టం పొడవు, ఆకారం ఇంజన్ శక్తిని మార్చగలవని 1930ల నాటికే ఇంజనీర్లు గుర్తించారు. దీన్ని పరాకాష్ఠకు చేర్చినది తూర్పు జర్మనీలోని ఎంజెడ్ మోటారుసైకిళ్ల సంస్థ ఇంజనీరు వాల్టర్ కాడెన్. 1950లలో ఆయన గొట్టం ఆకారాలపై పట్టువదలని ప్రయోగాలు సాగించారు. 1961 నాటికి కేవలం 125 సీసీల పందెపు ఇంజన్ నుంచి దాదాపు 25 అశ్వశక్తిని రాబట్టారు. లీటరు పరిమాణానికి 200 అశ్వశక్తి అన్నమాట. ఆ రోజుల్లో అది ఊహకందని సంఖ్య.

అదే ఏడాది సెప్టెంబరులో ఆ సంస్థ పందెపు రౌతు ఎర్నెస్ట్ డెగ్నర్, స్వీడన్‌లో పోటీల సందర్భంగా తూర్పు జర్మనీకి తిరిగి వెళ్లకుండా పశ్చిమ దేశాలకు వెళ్లిపోయారు. ఆయన వెంట ఈ పరిజ్ఞానం జపాన్‌లోని సుజుకి సంస్థకు చేరింది. 1962లో 50 సీసీ విభాగంలో ప్రపంచ టైటిల్‌ను డెగ్నర్ సుజుకి బండిపైనే గెలిచారు. ఆ తర్వాత ఈ పరిజ్ఞానం ప్రపంచమంతటా వ్యాపించింది.

పడవకు వచ్చిన చిక్కు

మోటారుసైకిల్‌కు కుదిరిన గొట్టం పడవకు ఎందుకు కుదరదన్నది సహజంగా వచ్చే సందేహం. దీనికి సమాధానం ఒక చిన్న లెక్కలో ఉంది.

అవుట్‌బోర్డు ఇంజన్ నిమిషానికి 5,500 చుట్లు తిరుగుతోందని అనుకుందాం. ఒక చుట్టుకు పట్టే కాలం దాదాపు 11 మిల్లీసెకన్లు, అంటే సెకనులో వెయ్యో వంతులు పదకొండు. అందులో పొగ ద్వారం సగం చుట్టు, అంటే 180 డిగ్రీల మేర తెరిచి ఉంటుందనుకుందాం. నెట్టే అల మూసివేతకు కాస్త ముందు, తెరుచుకున్నప్పటి నుంచి సుమారు 155 డిగ్రీల వద్ద చేరాలి. అంటే అలకు దొరికే సమయం దాదాపు 4.7 మిల్లీసెకన్లు. సుమారు 350 డిగ్రీల సెల్సియస్ వేడి వాయువులో ధ్వని సెకనుకు 500 మీటర్లు ప్రయాణిస్తుంది. ఆ లెక్కన అల వెళ్లి రావలసిన మొత్తం దూరం 2.35 మీటర్లు. వెళ్లే దూరం అందులో సగం, అంటే దాదాపు 1.17 మీటర్లు.

పందెపు బండి ఇంజన్ నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది కనుక దానికి అందులో సగం, 60 సెంటీమీటర్లలోపు గొట్టం చాలు. పడవ ఇంజన్ మెల్లగా తిరుగుతుంది కనుక పొడవైన గొట్టం కావాలి. కానీ అవుట్‌బోర్డులో గొట్టానికి దొరికే చోటు, ఇంజన్ కింద నీటిలోకి దిగే కాలు మాత్రమే. ఆ కాలు పొడవు సాధారణంగా 15 లేదా 20 అంగుళాల కొలతలో ఉంటుంది. 20 అంగుళాలంటే సుమారు 51 సెంటీమీటర్లే. అవసరమైన దానిలో సగం కూడా లేదు.

దీనికి తోడు ఆ కాలులో చల్లబరిచే నీరు ప్రవహిస్తుంటుంది. వాయువు చల్లబడితే అందులో ధ్వని వేగం తగ్గుతుంది. 350 డిగ్రీల నుంచి 200 డిగ్రీలకు దిగితే వేగం సెకనుకు 500 మీటర్ల నుంచి సుమారు 436 మీటర్లకు పడిపోతుంది. 5,500 చుట్లకు కుదిర్చిన గొట్టం అప్పుడు దాదాపు 4,800 చుట్ల వద్దే శ్రుతి కలుస్తుంది. వీణ తీగ వదులైతే స్వరం దిగినట్లే ఇదీనూ.

మూడు సిలిండర్ల ఉపాయం

చోటు లేని ఈ సమస్యకు ఇంజనీర్లు కనుగొన్న పరిష్కారం ముచ్చటైనది. అల ఎంతో దూరం వెళ్లి తిరిగి రావలసిన పని లేకుండా, పక్క సిలిండర్ పుట్టించే అలనే అడ్డుతలుపుగా వాడుకోవడం.

మూడు సిలిండర్ల ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ 120 డిగ్రీల తేడాతో పేలుతుంది. మొదటి సిలిండర్ పొగ ద్వారం తెరుచుకున్న 120 డిగ్రీలకు రెండో దాని ద్వారం తెరుచుకుంటుంది. అక్కడ పుట్టిన నెట్టే అల, 30 సెంటీమీటర్ల దూరం దాటి మొదటి ద్వారానికి చేరడానికి 0.6 మిల్లీసెకను పడుతుంది. అది 5,500 చుట్ల వేగంలో 20 డిగ్రీలతో సమానం. అంటే మొదటి ద్వారం తెరుచుకున్న 140 డిగ్రీల ప్రాంతంలో, సరిగ్గా మిశ్రమం జారిపోవడం మొదలయ్యే వేళకు అల వచ్చి తోస్తుంది. రెండో దానికి మూడోది, మూడో దానికి మొదటిది ఇదే విధంగా సాయపడతాయి.

ఇందులో మరో మేలు ఉంది. 120 డిగ్రీల తేడా ఇరుసు తిరుగుడుకు కట్టుబడినది. వేగం పెరిగినా తగ్గినా అది మారదు. అందువల్ల ఒకే వేగం వద్ద కాక, విస్తృతమైన వేగాల పరిధిలో ఈ సాయం అందుతుంది. అమెరికాకు చెందిన అవుట్‌బోర్డ్ మెరైన్ కార్పొరేషన్ 1968లో విడుదల చేసిన 55 అశ్వశక్తి మూడు సిలిండర్ల ఇంజన్ ఈ పద్ధతికి పేరు తెచ్చింది. తర్వాతి ఆరు సిలిండర్ల ఇంజన్లలోనూ మూడేసి సిలిండర్లను ఒక జట్టుగా చేసి ఇదే మార్గాన్ని అనుసరించారు.

రెండు సిలిండర్ల ఇంజన్‌లో ఈ ఉపాయం పారదు. అక్కడ తేడా 180 డిగ్రీలు. రెండో ద్వారం తెరుచుకునే సమయానికి మొదటిది మూసుకునే ఉంటుంది. చిన్న పడవలకు వాడే ఇంజన్లలో రెండు సిలిండర్లవే ఎక్కువ. అందుకే వాటిలో గొట్టపు కొలతలు, లోపలి అడ్డుగోడలు, ద్వారాల ఎత్తు ఇంజన్‌కు ఇంజన్‌కు వేర్వేరుగా కుదురుస్తారు. ఒక ఇంజన్ కాలును మరో దానికి బిగించినా, లోపలి గొట్టాన్ని కోసి పొట్టి చేసినా ఈ లెక్క తప్పుతుంది.

నీటి అడుగున పొగ

పడవ ఇంజన్‌కు మరో ప్రత్యేకత ఉంది. చాలా ఇంజన్లలో పొగ నీటి అడుగున, ప్రొపెల్లర్ మధ్య భాగం గుండా బయటకు పోతుంది. చప్పుడు తగ్గించేందుకు ఇదొక మార్గం. అయితే నిశ్చలంగా ఉన్న పడవలో పొగ నీటిని తోసుకొని రావాలి. 30 సెంటీమీటర్ల లోతున నీరు వాతావరణ పీడనంలో సుమారు 3 శాతానికి సమానమైన ఒత్తిడితో ఎదురొడ్డుతుంది. ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆ మాత్రం ఒత్తిడే దానిని ఆపివేయగలదు. అందుకే నీటిమట్టానికి పైన ఒక చిన్న రంధ్రం విడిచిపెడతారు. మెల్లగా తిరిగేటప్పుడు పొగ దాని గుండా పోతుంది. పడవ వేగం అందుకున్నాక ప్రొపెల్లర్ వెనుక నీరు వాయువును లాగుతుంది కనుక పొగ సులువుగా వెళ్తుంది.

ఈ రంధ్రం బురదతోనో, మసితోనో పూడిపోతే ఇంజన్ ఒడ్డున బాగా పలికి, నీటిలోకి దించగానే ఆగిపోతుంటుంది. కార్బురేటర్ చెడిందని భావించి దానిని విప్పి చూసినా ఫలితం ఉండదు. అదే విధంగా ఇంజన్‌ను పడవకు మరీ కిందికి బిగిస్తే పొగపై నీటి ఒత్తిడి పెరుగుతుంది, మరీ పైకి బిగిస్తే ప్రొపెల్లర్ గాలిని పీల్చి జారుతుంది. ప్రొపెల్లర్‌కు పైన ఉండే పలక పడవ అడుగు మట్టానికి సమంగా ఉండేలా చూసుకోవడం సాధారణ నియమం.

బరువు పెరిగితే రెండు దెబ్బలు

వరద వేళ అన్నింటికన్నా ముఖ్యమైన అంశం ఇది. ఎనిమిది మంది ఎక్కవలసిన పడవలో పన్నెండు మంది ఎక్కితే, అది మునిగే ప్రమాదం ఎలాగూ ఉంది. దానికి తోడు ఇంజన్ బలం కూడా పడిపోతుంది.

పడవ బరువెక్కితే నీటిలో లోతుగా కూరుకుపోతుంది. ప్రొపెల్లర్‌పై భారం పెరిగి ఇంజన్ చుట్లు తగ్గుతాయి. 5,500 చుట్లకు శ్రుతి చేసిన ఇంజన్ 4,300 వద్ద గింజుకుంటుంటే, గొట్టంలో అలలు తమ వేళకు రావు. నెట్టే అల ముందుగానే వచ్చి, ఇంధన ద్వారం ఇంకా తెరిచి ఉండగానే కొత్త మిశ్రమాన్ని అడ్డుకుంటుంది. సాయపడవలసిన అలే ఎదురు తిరుగుతుంది. భారం పెరిగింది కనుక బలం మరింత కావలసిన సమయంలో, ఉన్న బలం కూడా తగ్గుతుంది. ప్రవాహం మధ్యలో పడవ ముందుకు సాగక నిలిచిపోవడానికి ఇదొక కారణం.

అనువుకాని ప్రొపెల్లర్ బిగించినా ఇదే జరుగుతుంది. ఒక చుట్టుకు ఎక్కువ దూరం నెట్టే రకం ప్రొపెల్లర్ ఖాళీ పడవకు వేగాన్నిస్తుంది. నిండు పడవకు అది గుదిబండ. మనుషులను తరలించే పడవకు తక్కువ దూరం నెట్టే రకం మేలు. నిండు బరువుతో, పూర్తి త్రాటిల్‌లో ఇంజన్ తయారీదారు సూచించిన చుట్ల పరిధిని అందుకుంటోందా లేదా అన్నదే అసలైన పరీక్ష.

ఎండ, ఎత్తుల ప్రభావం

పాలమూరు ఎండలు ఇంజన్‌పైనా ప్రభావం చూపుతాయి. జూరాల పూర్తి నీటిమట్టం సముద్ర మట్టానికి 318 మీటర్లకు పైగా ఉంటే, శ్రీశైలం జలాశయానిది 885 అడుగులు, అంటే దాదాపు 270 మీటర్లు. సముద్రతీరంలో 25 డిగ్రీల గాలితో పోలిస్తే, శ్రీశైలం వెనుక జలాల వద్ద 40 డిగ్రీల వేసవి గాలి సుమారు 8 శాతం పలుచగా ఉంటుంది. ఆ మేరకు ఇంజన్‌కు అందే ప్రాణవాయువు తక్కువ. 40 అశ్వశక్తి అని రాసి ఉన్న ఇంజన్ నుంచి అప్పుడు 37 అశ్వశక్తికి మించి ఆశించరాదు. పరికరాలను ఎంపిక చేసే అధికారులు, పర్యాటక పడవలు నడిపేవారు ఈ తరుగును ముందే లెక్కలోకి తీసుకోవలసి ఉంటుంది.

సైలెన్సర్ తీస్తే బలం పెరుగుతుందా?

పెరుగుతుందన్నది బలంగా నాటుకున్న అపోహ. జిల్లా రోడ్లపై ఒకప్పుడు రాజ్యమేలిన యమహా ఆర్‌ఎక్స్ 100 ఇందుకు చక్కని ఉదాహరణ. ఎస్కార్ట్స్ సంస్థ ద్వారా 1985 నుంచి 1996 వరకు దేశంలో తయారైన ఈ 98 సీసీ బండి 11 అశ్వశక్తిని ఇచ్చేది. ఆ బలం వెనుక దాని పొగగొట్టం కొలతలూ ఉన్నాయి. చప్పుడు కోసం లోపలి భాగాలు తీసేసి, గొట్టాన్ని కోసేసిన బండ్లు పెద్దగా అరుస్తాయి గానీ, తిరిగి రావలసిన అల రాక చాలా సందర్భాల్లో బలం కోల్పోతాయి. చప్పుడు పెరిగినంత మాత్రాన శక్తి పెరిగినట్లు కాదు. వాహనంలో ఇటువంటి మార్పులు 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం కూడా.

పడవ ఇంజన్‌కూ ఇదే వర్తిస్తుంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో పొగగొట్టం ఊడినా బండి నడుస్తుంది. టూస్ట్రోక్‌లో గొట్టం ఇంజన్‌లో ఒక భాగమే. దాని కొలత మార్చడమంటే ఇంజన్‌ను మార్చడమే.

మసితో మొదలయ్యే నష్టం

టూస్ట్రోక్ ఇంజన్‌లో పెట్రోలులోనే నూనె కలిపి పోస్తారు. ఆ నూనె కాలగా మిగిలిన మసి పొగ ద్వారం అంచులకు, గొట్టం మొదటి భాగానికి గట్టి పెచ్చుగా అంటుకుంటుంది. కిరోసిన్‌తో నడిచే ఇంజన్లలో ఇది మరింత ఎక్కువ. ద్వారం ఇరుకైతే పొగ పూర్తిగా పోదు. అల బలహీనపడుతుంది. కొత్త మిశ్రమానికి చోటు తగ్గుతుంది. ఈ మార్పు రోజుకు కొంచెం చొప్పున జరుగుతుంది కనుక నడిపేవారి దృష్టికి రాదు. ఏడాదంతా షెడ్డులో ఉండి, వరద రోజున బయటకు తీసినప్పుడు గానీ లోపం బయటపడదు.

నూనె ఎక్కువ పోస్తే ఇంజన్ చల్లగా ఉంటుందన్న నమ్మకమూ సరికాదు. ఎక్కువైతే మసి, తక్కువైతే పిస్టన్ పట్టేయడం ఖాయం. తయారీదారు చెప్పిన నిష్పత్తే ప్రమాణం. పడవ ఇంజన్లకు టీసీ-డబ్ల్యూ3 గుర్తు ఉన్న నూనెలు ప్రత్యేకంగా లభిస్తాయి. మోటారుసైకిల్ నూనె వాటికి ప్రత్యామ్నాయం కాదు.

తాగునీటితో ముడిపడిన అంశం

మండకుండా జారిపోయే ఇంధనం నేరుగా నీటిలోనే కలుస్తుంది. ఎల్లూరు వద్ద శ్రీశైలం వెనుక జలాల నుంచే కల్వకుర్తి ఎత్తిపోతల పథకం నీటిని తోడుతోంది. ఆ జలాలపై ఆధారపడి మత్స్యకార కుటుంబాలు బతుకుతున్నాయి. ఒడ్డున అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది. కాబట్టి గొట్టపు శ్రుతి బలానికి మాత్రమే కాదు, నీటి శుభ్రతకూ సంబంధించినదే.

ఈ కారణంగానే అమెరికా పర్యావరణ సంస్థ 1996లో కఠిన నిబంధనలు తెచ్చింది. 1998 నుంచి 2006 వరకు దశలవారీగా పడవ ఇంజన్ల హైడ్రోకార్బన్ కాలుష్యాన్ని 75 శాతం తగ్గించాలని నిర్దేశించింది. దాంతో పాత కార్బురేటర్ రకం అక్కడ కనుమరుగైంది. ఇంధనాన్ని నేరుగా సిలిండర్‌లోకి చిమ్మే కొత్త టూస్ట్రోక్ ఇంజన్లు వచ్చాయి. వాటిలో అల వెనక్కి తోసేది చాలావరకు గాలినే కనుక పెట్రోలు వృథా బాగా తగ్గింది. అయినా పోటీలో నాలుగు స్ట్రోకుల ఇంజన్లే పైచేయి సాధించాయి. ఓలే ఎవిన్‌రూడ్ పేరుతో నడిచిన ఇంజన్ల తయారీ 2020లో నిలిచిపోయింది.

వరదకు ముందే చూసుకోవలసినవి

వానాకాలం మొదలుకాక ముందే కొన్ని పరీక్షలు చేయించడం శ్రేయస్కరం. పొగ ద్వారం మూత విప్పి మసి గీకించాలి. నీటిమట్టానికి పైనున్న పొగ రంధ్రాన్ని శుభ్రం చేయాలి. ఇంజన్ నడుస్తున్నప్పుడు పక్క నుంచి చల్లబరిచే నీటి ధార సన్నగానైనా నిలకడగా వస్తోందో లేదో గమనించాలి. వరద నీటిలోని ఒండ్రు, ఇసుక ఆ నీటి పంపు రబ్బరు రెక్కలను త్వరగా అరగదీస్తాయి. ధార ఆగితే ఇంజన్‌ను వెంటనే ఆపాలి.

ఒడ్డున స్టాండుపై తిప్పి చూసి సరిపెట్టుకోవడం చాలదు. అనుమతించిన పూర్తి బరువుతో నీటిలోనే నడిపి, చుట్లు లెక్కించే మీటరుతో కొలవాలి. సూచించిన పరిధికి నాలుగైదు వందల చుట్లు తక్కువగా ఉంటే ముందు ప్రొపెల్లర్‌ను, ఆ తర్వాత మసిని అనుమానించాలి. గొట్టాన్ని కోయడం, వేరే కంపెనీ కాలు బిగించడం వంటి సొంత వైద్యాలకు దూరంగా ఉండాలి.

దేశంలో 1917 నాటి చట్టం స్థానంలో 2021లో అంతర్గత జలరవాణా నౌకల చట్టం వచ్చింది. నౌకల నమోదు, తనిఖీ, సిబ్బంది అర్హతలకు అది ఒక చట్రాన్ని ఏర్పరిచింది. చట్టం ఎంత గట్టిదైనా, పరిమితికి మించి ఎక్కించకపోవడం, అందరికీ లైఫ్ జాకెట్ తొడిగించడం పడవ నడిపేవారి చేతిలోనే ఉంది. ఆ రెండూ పాటిస్తే పడవ సురక్షితంగా ఉండటమే కాక, గొట్టంలోని అల కూడా తన వేళకు వచ్చి ఇంజన్‌కు పూర్తి బలాన్ని అందిస్తుంది.